పైటచెంగు వెనక

ఎదురింటి తాత మీసం తీసేశాడంటే నాటకానికి ఇంక పది రోజులే ఉందని మా వీధికంతా తెలుసు. కరపత్రాలు ఆ తర్వాత ఎప్పుడో వచ్చేవి. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం గేటు తీస్తే, ఆయన ఇంటి ముందు మెట్ల మీద అద్దం, నీళ్ళ మగ్గు పెట్టుకుని కూర్చుని ఉండేవాడు. ఏడాదంతా పెంచిన గుబురు మీసం అయిదు నిమిషాల్లో పోయేది. పెదవి పైన ఎండ ఎరగని ఆ కాస్త చోటు, ఒలిచిన గుడ్డులా తెల్లగా బయటపడేది. దారిన పోయేవాళ్ళు బండి ఆపి మరీ అడిగేవాళ్ళు.

"ఏం రాణీ, పెండ్లికొచ్చినవా?"

"వచ్చిన. పిల్లగాడే దొరుకుత లేడు," అనేవాడు తాత, రేజర్ కడుగుతూ.

ఆయన మా నాన్న పనిచేసిన ప్లాంటులోనే క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. పటేల్‌గూడలో మా కాలనీ అంతా ఆ ప్లాంటువాళ్ళదే. మాలాగా కోస్తా నుంచి ఉద్యోగాలకొచ్చి ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు ఎక్కువ. తాత మాత్రం ఇక్కడివాడు, కంది ఊరికవతల ఏదో పల్లె. ఏటా చలికాలంలో కమ్యూనిటీ హాల్లో కాలనీవాళ్ళు ఒక పద్యనాటకం ఆడతారు. అది కూడా మావాళ్ళదే, ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసినాయన ఒకరు నేను పుట్టకముందు రాసింది. మంత్రి చెప్పిన చాడీలు నమ్మి రాజు రాణిని అడవికి పంపేస్తాడు. ఆమె తప్పేమీ లేదని చివర్లో తెలుస్తుంది. కథ అంతే. మాటలు తక్కువ, పాటలూ పద్యాలూ ఎక్కువ. రాణి వేషం మొదటినుంచీ తాతదే. ఆడవేషాలు మగవాళ్ళే వేసే రోజుల్లో మొదలుపెట్టాడు. ఆ రోజులు పోయినా ఆయన మానలేదు.

రెండో అంకంలో రాణి అడవిలో ఒంటరిగా నిలబడి పాడే పద్యం ఒకటుంది. నాకే పాపం తెలియదు, దానికి ఈ అడవే సాక్షి అని భావం. చివర "సాక్షి గదా" అన్న మాట దగ్గర ఆ "దా" పట్టుకుని ఆయన రాగం తీసేవాడు. హార్మణీ ఆగిపోయేది. కుర్చీల కిర్రు కూడా ఆగేది. ఆ ఒక్క గొంతే హాలంతా తిరిగి తిరిగి, ఊపిరి అయిపోయే సమయానికి, రాణి తల పక్కకు తిప్పి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఏడ్చేది కాదు, కూలబడేది కాదు, చెంగు అడ్డం పెట్టుకునేది. ఆడవాళ్ళ వరసల్లో ముక్కులు చీదడం మొదలయ్యేది. "చూశావా, దుఃఖాన్ని ఎలా దాచుకుంటున్నాడో. అదీ నటనంటే," అని మా అమ్మ ఏటా అదే మాట అనేది.

వెంటనే వెనక నుంచి "వన్స్ మోర్!" అని అరుపులు. పద్యనాటకంలో అదొక ఆనవాయితీ. పద్యం నచ్చితే జనం అలా అరుస్తారు. నటుడు కథను అక్కడికి ఆపి, అదే పద్యం మొదటినుంచీ మళ్ళీ పాడాలి. రాణి ఎంత ఏడుపులో ఉన్నా సరే, కళ్ళు తుడుచుకుని, హార్మణీ ఆయనకు తల ఊపి, మళ్ళీ మొదటినుంచీ ఏడవాలి. పాడనంటే నటుడికి తలవంపు. తాత ఒక్కసారి కూడా కాదనలేదు.

నాకు ఇరవయ్యారేళ్ళు. ఈ నాటకాన్ని ఒక్క ఏడాదీ వదల్లేదు. మొత్తం నోటికి వచ్చు. ఎవరి ముందూ ఒక్క పద్యమూ పాడలేదు. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో రికార్డులు సరిచూసే పని నాది, రోజంతా నోరు తెరవకపోయినా గడిచిపోయే ఉద్యోగం. కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏదో ఒక పుస్తకం చదువుకుంటాను. ఇంటికొచ్చాక డైరీ రాస్తాను. డైరీ మార్జిన్లలో బొమ్మలు వేస్తాను. మనుషుల బొమ్మలు, ముక్కులు సాగదీసి, చెవులు పెంచి. మా సూపర్‌వైజర్, బస్సు డ్రైవర్, మా అమ్మ. ఎవరికీ చూపించేదాన్ని కాదు. సిగ్గరి పిల్లలకు జాలి ఎక్కువని అందరూ అనుకుంటారు. మూల కూర్చున్నవాళ్ళకు అందరి లోపాలూ కనిపిస్తాయి. వాటిని బయటపెట్టకపోవడానికి కారణం దయ కాదు, అడిగేవాళ్ళు లేకపోవడం.

పోయినేడాది అడిగారు.

మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. నేను స్నానానికి వెళ్ళినప్పుడు డైరీ తిరగేసి, తన బొమ్మ చూసుకుని నన్ను నాలుగు తిట్టి, సాయంత్రానికి ఆ బొమ్మల సంగతి కాలనీ సెక్రటరీ గారి భార్యకు చెప్పేసింది. మర్నాడు సెక్రటరీ గారే వచ్చారు. ప్లాంటులో పెద్ద ఆఫీసరుగా చేసినాయన, నాటకంలో రాజు వేషం ఆయనదే. నిజజీవితంలోనూ ఆ కిరీటం తీసినట్టు ఎప్పుడూ ఉండరు.

"అమ్మాయ్, కార్టూన్లేస్తావంటగా. మన నాటకంలో పాత్రలన్నిటికీ వెయ్యి. గేటు దగ్గర ఫ్లెక్సీ పెడదాం. పద్యాలంటే ఇప్పటి కుర్రాళ్ళు రారు. నవ్వొస్తుందంటే వస్తారు."

నేను తల ఊపాను. కాదనడానికి కూడా మాట కావాలి కదా.

వెళ్ళేముందు అమ్మతో అన్నారు. "రాణి వేషానికి ఈసారి కోస్తా నుంచి ఆర్టిస్టును తెప్పిద్దామన్నారు కమిటీలో. ఆడమనిషే, వయసులో ఉంది. ముసలాయన ఏడ్చినంత పని చేశాడు. సరే, ఈ ఒక్క ఏడు చూద్దామన్నాం. జనం మెచ్చుకుంటే సరే, లేకపోతే ఆయనకిక విశ్రాంతి."

ఆ మాట తాతకు కూడా సూటిగా చెప్పారట. సాయంత్రం గేటు దగ్గర ఆయనే నాతో అన్నాడు. "ఈసారి పరీక్షంట బిడ్డా. ఇన్నేండ్లకు నాకు పరీక్ష. ఇంట్ల కూసోని టీవీ సూస్కుంట ఏం జెయ్యాలె నేను? రాణి లేకుంటే నేను ఉత్త క్రేనోన్నే."

అయిదు పాత్రలు. రాజు, రాణి, మంత్రి, చెలికత్తె, భటుడు. ఇన్నేళ్ళు చూసిన ముఖాలు, కళ్ళు మూసుకుని గీస్తాననుకున్నాను. కూర్చుంటే తెలిసింది. డైరీలో వేసే బొమ్మలు మనుషులవి, ఇవి పాత్రలవి. రాజు ముఖం గీయాలా, రాజు వేషం వేసిన సెక్రటరీ గారి ముఖం గీయాలా? కిరీటం గీస్తే ఏ రాజైనా అవుతాడు. మనిషిని గీస్తే నాటకం పోతుంది. రెండు రోజులు కాగితాలు చించాక ఒకటి అర్థమైంది. రంగు కింద నుంచి అసలు మనిషి ఎక్కడ బయటికి తొంగిచూస్తాడో, అక్కడ నవ్వు ఉంటుంది. యుద్ధానికి బయల్దేరే రాజు కత్తి దూసేముందు రెండు చేతులతో పంచె పైకి లాక్కుంటాడు, బొజ్జ మీంచి జారకుండా. మంత్రి చాడీ చెబుతూ మర్చిపోయి కళ్ళజోడు కోసం చెవి వెనక తడుముకుంటాడు. చెలికత్తె వేసే ఆయనకు ఆంజనేయుడి దవడ. భటుడు మా కరెంటు బిల్లులు చూసే ఆయన, ఈటె పట్టుకుని ఏటా కునికిపాట్లు పడతాడు. ఈ నాలుగూ కుదిరాయి.

రాణి కుదరలేదు. రాణి కింద నుంచి తాత ఎక్కడా తొంగిచూడడు. సవరం పెట్టుకుని, చీర కట్టుకుని తెర పక్కన నిలబడ్డాడంటే అక్కడ ఇంక తాత ఉండడు. ఎన్నిసార్లు వేసినా దేవత బొమ్మే వచ్చేది. మెడ పొడుగు చేస్తే హంసలా ఉండేది. కళ్ళు పెద్దవి చేస్తే ఇంకా అందం వచ్చేది.

అయిదూ ఫొటో తీసి కమిటీవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నాలుగు బొమ్మలకు నవ్వులు వచ్చాయి. రాణి దగ్గర ఆగాయి.

"రాణి బొమ్మకి హారతివ్వాలా అమ్మాయ్?" అని సెక్రటరీ గారు.

"అగరుబత్తి కంపెనీకి పంపండి, క్యాలెండరేసుకుంటారు," అని మంత్రి.

"రాజు పొట్ట తగ్గించు. రాణికి ఏదైనా పెట్టు. అది చూస్తే నవ్వు రావాలి," అని మళ్ళీ సెక్రటరీ గారు.

అమ్మ ఫోన్ నా చేతిలోంచి లాక్కుని చూసింది. "ఇందులో నవ్వేదేముందే? అద్దంలో చూసి నీ మొహం గీసుకున్నా ఇంతకన్నా నవ్వొచ్చేది," అంది. అని వంకాయలు తరుక్కోవడానికి వెళ్ళిపోయింది. ఆ పూట డైరీలో ఒక్క వాక్యమే రాశాను. చూపిస్తాను, అని.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో రిహార్సల్. ఎప్పుడూ ముందు వరస నుంచి చూసేదాన్ని, ఆరోజు పెన్సిలూ కాగితాలూ పట్టుకుని స్టేజీ పక్కన, హార్మణీ పెట్టె వెనక కూర్చున్నాను. తాత లుంగీ మీద చొక్కా వేసుకుని, భుజాన తువ్వాలు పైటలా వేసుకున్నాడు. మీసం అప్పటికే తీసేశాడు. అడవి పద్యం ఎత్తుకున్నాడు. నేను మొదటిసారి రాణిని కాకుండా నోటిని చూశాను. ఆ "దా" సాగుతున్నకొద్దీ నోరు పెద్దదవుతోంది. పెద్దదైనకొద్దీ పై వరస పళ్ళు చిగుళ్ళ నుంచి వదులై, కొంచెం కిందికి జారాయి. కట్టుడు పళ్ళు. నాలుకతో ఆపడానికి చూశాడు. ఆగలేదు. ఇంక పడిపోతాయనగా తల పక్కకు తిప్పి, తువ్వాలు చెంగు నోటికి అడ్డం పెట్టి, బొటనవేలితో పళ్ళను టక్కున పైకి నొక్కుకున్నాడు.

తల తిప్పింది నా వైపే. ముందునుంచి చూసేవాళ్ళకు చెంగు అడ్డం. నాకు ఏ అడ్డమూ లేదు.

అంటే అది దుఃఖం కాదు. ఇన్నేళ్ళు మా అమ్మలూ పిన్నులూ ముక్కులు చీదింది ఆ బొటనవేలికి. నాకు ఒళ్ళంతా జిల్లుమంది. బాధతో అని రాయాలని ఉంది. అబద్ధం అవుతుంది. దొరికింది అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కంపెనీ బస్సుకోసం బయల్దేరుతుంటే తాత గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నిన్న సూసినవ్ గద?"

"ఏం లేదు తాతా."

"సూసినవ్. నీ కండ్లు నాకు తెల్వదా?" నవ్వాడు. నవ్వేటప్పుడు కూడా చెయ్యి నోటి దాకా వెళ్ళి ఆగింది. "నడీడుకే పండ్లన్ని ఊడినయ్ బిడ్డా, గుట్కతోని. క్రేన్ల కూసుంటే ఇంకేం పని? కట్టుడు పండ్లు పెట్టుకుంటే రాగం తీస్తుంటె జారవట్టినయ్. ఇగ నా పని అయిపాయె అనుకున్న. ఒకనాడు చెంగు అడ్డం వెట్టుకున్న, జనం ఏడ్సిన్రు. గప్పటినుంచి గట్లనే. మా ఇంటామెకు గూడ చెప్పలే, పోయేదాంక ఆమె గూడ ఏడ్సింది." గొంతు తగ్గించాడు. "నీ మనసుల వెట్టుకో. ఎవ్వలకు చెప్పకు. ఈ ఒక్క ఏడు గడవనియ్యి."

"చెప్పను తాతా," అన్నాను.

చెప్పలేదు. ఆ మాట మీద నేను చాలా రోజులు నిలబడ్డాను. ఒక్కరికీ చెప్పలేదు, గీశాను.

బుధవారం సెక్రటరీ గారు ఫోన్ చేశారు. "పటాన్‌చెరులో ఫ్లెక్సీ వాడికి రేపు ఇవ్వాలమ్మా. రాణి సంగతేంటి? నీ వల్ల కాకపోతే చెప్పు, ఇంటర్నెట్‌లో ఏదో ఒకటి తీసి పెడతాం." నీ వల్ల కాకపోతే అన్నప్పుడు ఆయన గొంతులో కాదని ఎప్పుడో నమ్మేసిన నిమ్మళం ఉంది. అది మా సూపర్‌వైజర్ గొంతులోనూ ఉంటుంది, మా అమ్మ గొంతులోనూ ఉంటుంది.

మధ్యాహ్నం భోజనాల టైములో రికార్డు రూమ్‌లో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. వారం రోజులు రాని బొమ్మ చేతిలోంచి జారినట్టు వచ్చింది. రాణి ముఖం చిన్నది, మెడ కొంగంత పొడుగు, ఆ మెడ మీద నరాలు హార్మణీ మెట్లలా వరసగా. పైటచెంగు ఒక చిన్న నాటకాల తెర. ఆ తెర వెనక పై వరస పళ్ళు రాణి కిరీటం తాము పెట్టుకుని, రాణి కన్నా పెద్ద నోరు తెరుచుకుని పద్యం పాడుతున్నాయి. రాణి పాపం ఒక బొటనవేలితో వాటిని లోపలికి తోస్తూ, ఒక కన్నుతో జనం వైపు దొంగచూపు చూస్తోంది. ఆ దొంగచూపు గీస్తూ నేను గట్టిగా నవ్వాను. ఒక్కదాన్నే, రికార్డుల మధ్య. అది నేను వేసిన బొమ్మలన్నిటిలోకీ గొప్పది. ఈరోజు అడిగినా అదే అంటాను.

సెక్రటరీ గారికి పంపాను. రెండు నీలం టిక్కులు పడేలోపు తీసేయడానికి టైముంది. టిఫిన్ బాక్సు మూత పెట్టుకుంటూ చూస్తూ కూర్చున్నాను. పడ్డాయి.

వెంటనే ఫోన్. "అమ్మాయ్! ఇది నిజమేనా? ఆ చెంగు అందుకా?"

ఇక్కడ నేను కాదనొచ్చు. ఊహించి వేశానంకుల్ అనొచ్చు. నేనేమీ అనలేదు. నేను మాట్లాడకపోవడం అందరికీ అలవాటే. ఆయన దాన్ని అవుననే తీసుకున్నారు. ఆయన అలాగే తీసుకుంటారని తెలిసే నేను ఊరుకున్నాను. అటువైపు ఆయన నవ్వి నవ్వి దగ్గారు. "ఇన్నేళ్ళు మా కళ్ళల్లో దుమ్ము కొట్టాడే! నువ్వు మామూలు పిల్లవు కాదమ్మాయ్," అన్నారు. నా జీవితంలో నాతో ఎవరూ ఆ మాట అనలేదు. మధ్యాహ్నమంతా ఒక్క పేజీ కూడా సరిగ్గా సరిచూడలేకపోయాను, అంత సంతోషంగా ఉంది.

శుక్రవారం సాయంత్రం ఫ్లెక్సీ కట్టారు. నాలుగు బొమ్మలు నాలుగు మూలల్లో, అరచేతులంత. నడుమ మనిషి ఎత్తు రాణి. ఫ్లెక్సీ వాడు పళ్ళకు మెరుపు కూడా పెట్టాడు. కాలనీ అంతా గేటు దగ్గరే ఉంది. పిల్లలు చున్నీలు నోటికి అడ్డం పెట్టుకుని టక్కుటక్కుమని బొటనవేళ్ళు నొక్కుకుంటున్నారు. మా అమ్మ దార్న పోయే ప్రతివాళ్ళకూ "మా అమ్మాయే వేసింది" అని చెప్పింది. పుట్టాక మొదటిసారి నా గురించి అడగకుండానే చెప్పింది.

తాత మార్కెట్ నుంచి సంచీతో వచ్చాడు. జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఫ్లెక్సీ ముందు కాసేపు నిలబడ్డాడు. సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"రంగులు మంచిగొచ్చినయ్," అన్నాడు. అని నా వైపు చూడకుండా ఇంట్లోకి వెళ్ళాడు.

నాటకం ఆదివారం సాయంత్రం. హాలు నిండి బయట కూడా నిలబడ్డారు. పక్క కాలనీల కుర్రాళ్ళు వచ్చారు. సెక్రటరీ గారు చెప్పినట్టే నవ్వొస్తుందనే వచ్చారు. మొదటి అంకంలో రాణి రాగానే ఈలలు. తాత పట్టించుకోలేదు. అంకం అయ్యాక విరామంలో మైకు రాజు చేతిలోకి వచ్చింది.

"ఈ ఏడు మన నాటకానికింత జనం రావడానికి కారణం ఒక అమ్మాయి. సిగ్గరి, మాట్లాడదు. కానీ ఆ చూపు చూశారూ..." అంటూ ఫ్లెక్సీలో రాణి బొమ్మ సంగతి మొత్తం విడమరిచి చెప్పారు. అప్పటిదాకా అర్థం కాని ముసలమ్మలకు కూడా అర్థమయ్యేలా చెంగు, బొటనవేలు, పళ్ళు, అన్నీ చేసి చూపించారు. హాలు హాలంతా విరగబడి నవ్వింది. "ఆ అమ్మాయికి రాణిగారి చేతుల మీదుగా శాలువా."

నన్ను స్టేజీ మీదికి లాక్కొచ్చారు. తాత సవరంతో, గాజులతో, ముఖాన రంగుతో శాలువా పట్టుకుని వచ్చాడు. భుజాల చుట్టూ కప్పాడు. జారకుండా ముందుకు లాగి సర్దాడు. ఫొటోగ్రాఫర్ నవ్వమన్నాడు. నవ్వాను.

రెండో అంకం. అడవి. హార్మణీ ఎత్తుకుంది, తాత పద్యం ఎత్తుకున్నాడు. గొంతులో లోపమేమీ లేదు, అది నేను ఒప్పుకోవాలి. అన్నేళ్ళలో అంత బాగా ఎప్పుడూ పాడలేదేమో. "దా" దగ్గరికి రాగానే హాలంతా నిశ్శబ్దం. కానీ అది పాత నిశ్శబ్దం కాదు. అందరూ నోటినే చూస్తున్నారు. రాగం పైకి వెళ్ళింది, తల పక్కకు తిరిగింది, చెంగు లేచింది.

నవ్వు ఒక్కసారి పగిలింది. "టక్!" అని ఎవరో అరిచారు. ఆ వెంటనే "వన్స్ మోర్!"

తాత చెంగు దించాడు. తనే హార్మణీ ఆయనకు తల ఊపాడు. మళ్ళీ మొదటినుంచీ పాడాడు. ఆనవాయితీ కదా. మళ్ళీ చెంగు, మళ్ళీ నవ్వు. "వన్స్ మోర్! వన్స్ మోర్!" ఈసారి ఆడవాళ్ళ వరసల్లోంచి కూడా. మా అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వి నవ్వి. హార్మణీ ఆయన ఇంక చాలన్నట్టు పెట్టె మీద చేతులు పెట్టేశాడు. తెర పక్క నుంచి రాజు నవ్వుతూ చూస్తున్నాడు, తెర లాగించడం ఆయన చేతిలో పనే. లాగించలేదు.

తాత కాసేపు జనాన్ని చూశాడు. తర్వాత చెంగు అడ్డం పెట్టకుండానే నోట్లో వేళ్ళు పెట్టి పై వరస తీశాడు. కింది వరస తీశాడు. తెర పక్కన నిలబడ్డ చెలికత్తె చేతిలో పూలపళ్ళెం ఉంటే అందులో పెట్టాడు. బుగ్గలు లోపలికి పోయి, ముఖాన రంగు ముడతలు పడింది. అప్పుడు హార్మణీ లేకుండానే మూడోసారి ఎత్తుకున్నాడు.

సినిమా అయితే ఇక్కడ జనం సిగ్గుపడి లేచి నిలబడి చప్పట్లు కొడతారు. నిలబడ్డారు నిజమే, ఫోన్లతో వీడియోలు తీయడానికి. పళ్ళు లేని నోట్లో మాటలు నలిగిపోయాయి. ప్రతి మాటకూ నవ్వు. చివరి రాగం మాత్రం ఎంతసేపు తీశాడో చెప్పలేను. ఈసారి జారేదేమీ లేదు, మధ్యలో ఆపాల్సిన పని లేదు. నవ్వు అలిసిపోయే దాకా తీశాడు. తీసి, పళ్ళెంలోంచి పళ్ళు తీసుకుని, మూడో అంకానికి లోపలికి వెళ్ళాడు. అందులో రాణికి రెండే మాటలు. ఆ రెండూ చెప్పాడు.

కమిటీ మీటింగు నాలుగు రోజుల తర్వాత జరిగింది. జనం బాగా వచ్చారని అందరూ అనుకున్నారు. వచ్చే ఏడు రాణికి కోస్తా ఆర్టిస్టు, బొమ్మలకు నేను, అని రాసుకున్నారు.

నేను తాత ఇంటికి వెళ్ళడానికి వారం పట్టింది. క్షమించమని అడగాలని నాలుగు వాక్యాలు డైరీలో రాసుకుని, బట్టీ పట్టి వెళ్ళాను. ఆయన ఇంటి ముందు స్కూటర్ తుడుస్తున్నాడు. పెదవి మీద మీసం మొలకలు తెల్లగా వస్తున్నాయి. నేను నోరు తెరిచేలోపే అన్నాడు.

"మంచిగ గీసినవ్ బిడ్డా. ఇన్నేండ్ల సంది ఇంతమంది సూసిన్రు, ఒక్కడు పట్టలే. నువ్వే సక్కగ సూసినవ్."

అందులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది. బట్టీ పట్టిన నాలుగు వాక్యాల్లో ఒక్కటీ దానికి జవాబు కాదు. వెనక్కి వచ్చేశాను.

మా వైపు ఫ్లెక్సీ ఏదీ వృథాగా పోదు. నాయకుల పుట్టినరోజులు టీ కొట్ల కప్పులవుతాయి, కాలేజీల ర్యాంకులు పశువుల కొట్టాలవుతాయి. నాటకం ఫ్లెక్సీని తాత వాచ్‌మన్‌ను అడిగి తెచ్చుకున్నాడు. స్కూటర్ మీద కప్పాడు. బొమ్మ పైకి వచ్చేలా కప్పాడు, రాణి ముఖం సరిగ్గా మా గేటు వైపు. కావాలనే కప్పాడో, కాదో. ఒకసారి నేను చూస్తూ నిలబడితే, "వానకు మంచిగ ఆగుతది," అన్నాడు. ఏడాదంతా పొద్దున బస్సుకు వెళ్ళేటప్పుడూ, సాయంత్రం వచ్చేటప్పుడూ ఆ దొంగచూపు నన్ను చూసింది. ఎండకు ముందు చీర ఎరుపు పోయింది, తర్వాత కిరీటం పసుపు. పళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. తెలుపు వెలిసిపోవడానికి దానికి రంగేదీ?

ఈ ఏడు నాటకం ఎప్పుడో మా వీధిలో ఎవరికీ తెలియలేదు. కరపత్రం వచ్చాకే తెలిసింది. తాత మీసం గుబురుగా ఉంది.

ఆర్టిస్టు నిజంగానే బాగుంది. వయసు, గొంతు, ముఖం. తాత ప్రేక్షకుల్లో కూర్చున్నాడు, నా పక్క కుర్చీలో. నేను పిలవలేదు, ఆయనే వచ్చి కూర్చున్నాడు. అడవి పద్యం వచ్చింది. "సాక్షి గదా" దగ్గర ఆమె రాగం తీసి, ఊపిరి అయిపోయే సమయానికి తల పక్కకు తిప్పి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నాటకంలో రాణి అలాగే చేయాలని కమిటీవాళ్ళు ఆమెకు నేర్పారట. పాత పద్ధతి అని.

ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళ వరసల్లో ముక్కులు చీదడం మొదలైంది. మా అమ్మ కూడా. వెనక నుంచి "వన్స్ మోర్!" అన్నారు.

తాత నా వైపు వంగి మెల్లగా అడిగాడు.

"ఆమె పండ్లు గట్టిగనే ఉన్నయ్ గదా బిడ్డా. మరెందుకు మూసుకున్నది?"

ఆమె రెండోసారి పాడటానికి గొంతు సవరించుకుంటోంది. సవరించుకునేటప్పుడు ఆమె ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేచి, దాంతోపాటు చెవి కూడా కదిలింది. ఎవరూ చూడలేదు. నేను బ్యాగులో పెన్సిల్ కోసం తడుముకుంటున్నాను.